కంటికి తేట, ఎముకకు చేటు

ఏటికి క్రొత్తనీరు వచ్చి బిందెలోని నీరు ఎర్రబారినప్పుడు, కుండ లోపలి అంచున చిల్లగింజను రాచి, నీటిని కలియద్రిప్పి, కొంతసేపు కదలింపక యుంచుట మన పల్లెలలో తరతరాలుగా నుండిన ఆచారము. ఆ గింజ నిచ్చు చెట్టును ఇండుపచెట్టు అనియు, సంస్కృతమున కతకము అనియు అందురు. నీటిని తేర్చు వస్తువులలో సుశ్రుతసంహిత దీనిని పేర్కొన్నది. ధర్మము పేరు చెప్పుకొనుటకును, ధర్మము నాచరించుటకును గల భేదమును చూపుటకు మనుస్మృతి ఈ గింజనే ఉదాహరణముగా గ్రహించినది. గింజ పేరు తలచుకొన్నంతనే నీరు తేరదు గదా యని దాని భావము.

నీటి విషయమున ఆ మాట అక్షరాల సత్యము. నీటిలో కలిసిన వస్తువులను వేరుచేయు రసాయనవిద్య చరిత్రలో తెలుగునేలకు ఒక స్థానము కలదు. ఒక తెలుగు జిల్లా పేరే ప్రపంచమున ఒక శుద్ధిపద్ధతికి పేరైనది. ఆ పేరు ఎట్లు వచ్చెనో, పేరు వచ్చిన తరువాత నీరు ఎంతవరకు తేరెనో ఈ ప్రసంగమున విచారింతము.

మొదట బురదనీరు తేరుట యెట్లో చూతము. ఏటినీటిలో తేలు మట్టిరేణువులు మిక్కిలి సూక్ష్మములు. వానిపై ఋణవిద్యుత్తు ఉండును. అన్నిటిపైనను ఒకే జాతి విద్యుత్తు గలదు కావున అవి ఒకదానినొకటి నెట్టుకొనుచు, కలిసి బరువెక్కి అడుగు చేరక, దినములకొలది తేలుచునే యుండును. చిల్లగింజలోని జిగురు పదార్థములు ఈ రేణువులను కూడగట్టును. పటిక చేయు పని ఇంకను బలమైనది. అందలి అల్యూమినియం, నీటిలో సహజముగా నుండు క్షారముతో కలిసి, తెల్లని మెత్తని తరకలుగా ఏర్పడును. ఆ తరకలు మట్టిని తమలో చుట్టుకొని మెల్లగా అడుగునకు దిగును. 1884 లో అమెరికాలో హయట్ అనునతడు, ఇట్టి మందు కలిపిన నీటిని వడకట్టు పద్ధతికి హక్కుపత్రము పొందెను. అటుపిమ్మట అనేక నగరముల జలాగారములలో పటికయు ఇసుకయు జంటగా నడచినవి. ఇంతవరకు నీటికి న్యాయాధిపతి మన కన్నే. కంటికి తేటగా నున్నది మంచినీరు.

ఆ న్యాయాధిపతిని నమ్మరాదని పందొమ్మిదవ శతాబ్దము తెలిపెను. 1854 లో లండను నగరమున బ్రాడ్ వీధి చేతిపంపు పరిసరములందు కలరా చెలరేగినపుడు, జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను లెక్కించి, రోగమునకు మూలము ఆ పంపునీరేయని చూపెను. ఆ నీటి రుచికి అలవాటుపడి, వేరొక పేటకు తరలిన తరువాతను దానినే తెప్పించుకొని త్రాగిన ఒక స్త్రీ కూడ ఆ రోగముననే మరణించెను. 1884 లో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో పరిశోధించి, కలరా క్రిమిని రోగులయందే గాక చెరువునీటియందును కనుగొనెను. 1908 లో అమెరికాలోని జెర్సీ నగరపు నీటికి బ్లీచింగు పొడిని నిత్యము కలుపుట ఆరంభమయ్యెను. నీటిని కాచి త్రాగుడని వైద్యులు ఇంటింట చెప్పిరి. కన్ను దిగిపోయిన పీఠమును సూక్ష్మదర్శిని ఎక్కినది.

అయినను మూడవ తరగతి యొకటి మిగిలినది. నీటిలో తేలునది మట్టి. నీటిలో బ్రతుకునది క్రిమి. నీటిలో కరగి నీటితో ఏకమైనది మూడవది. చిటికెడు ఉప్పును చెంబునీటిలో కరగించి చూడుడు. గుడ్డతో వడకట్టినను అది చిక్కదు, సూక్ష్మదర్శినికిని కానరాదు. కాచినను పోదు, పైపెచ్చు నీరు ఆవిరియైన కొలది, మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. ఉప్పు నాలుకకైనను తెలియును. రంగు, రుచి, వాసన ఏదియు తెలియకుండ కరగియున్న వస్తువు జాడను చెప్పువారెవరు? మనుష్యుల పండ్లు చెప్పినవి.

1901 లో అమెరికాలోని కొలరడో స్ప్రింగ్స్ పట్టణమున దంతవైద్యము చేయ మొదలిడిన ఫ్రెడరిక్ మెకే, అక్కడ పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమరంగు మరకలు చూచి ఆశ్చర్యపడెను. పెద్దవారై ఆ ఊరు చేరినవారికి ఆ మరకలు లేవు. దోషము నీటిలోనే యుండవలెనని ఆయన అనుమానించెను గాని, నాటి పరీక్షలలో ఏమియు తేలలేదు. 1923 లో ఐడహో రాష్ట్రమందలి ఓక్లీ అను ఊరి పిల్లలకు ఇట్టి మరకలే కనబడినవి. అక్కడి వేడినీటి ఊటనుండి వచ్చు గొట్టమును విడిచి, వేరొక ఊటనీటిని తెచ్చుకొనుడని మెకే సలహా యిచ్చెను. ఊరివారు అట్లే చేసిరి. ఆ తరువాత పిల్లలకు మొలచిన పండ్లు తెల్లగా మొలచినవి. దోషము పేరు తెలియకమునుపే దోషము తొలగెను. ఈ చిన్న ఊరి కథను గుర్తుంచుకొందము. దీనితో మనకు మరల పని కలదు.

1931 లో ఆ పేరు బయటపడినది. అమెరికా అల్యూమినియం సంస్థలోని రసాయనశాస్త్రజ్ఞుడు చర్చిల్, ఆర్కన్సాస్ రాష్ట్రమున బాక్సైట్ అను గనుల ఊరినుండి తెచ్చిన నీటిని వర్ణపటముద్వారా పరీక్షించెను. ఆ ఊరి పిల్లల పండ్లును మరకలు పడినవే. పరీక్షలో ఎవరును ఊహింపని ఫ్లోరిన్ కానవచ్చెను. లీటరు నీటిలో పదుమూడు మిల్లీగ్రాములకు పైగా నుండెను. తరువాతి పరిశోధనలు మరియొక చిత్రమును తెలిపినవి. లీటరునకు సుమారు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉన్నచో అది పిల్లల పండ్లను పుచ్చకుండ కాపాడును. 1945 లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరమున నీటికి దానిని కోరి కలుపసాగిరి. ఒక చోట కలుపదగినది, వేరొక చోట తీసివేయదగినది అయినది. మందును విషమును విడదీయునది కొలతయే.

మన దేశమున ఈ నీటి చేటు పండ్లతో ఆగలేదు. 1937 లో, మదరాసు చెంత గిండీలో నున్న కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి హెచ్. ఇ. షార్ట్, తన సహచరులతో కలిసి నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించి, అక్కడి రైతుల ఎముకల రోగమును లోకమునకు తెలిపెను. ఆ పల్లెలు పిమ్మట ప్రకాశము జిల్లాలో చేరినవి. మలేరియా క్రిమి మొదట కాలేయమున దాగునని 1948 లో గార్న్‌హాంతో కలిసి నిరూపించిన షార్టు కూడ ఈయనయే. రోగలక్షణములు మెల్లగా కనబడును. మొదట కీళ్లనొప్పులు, వెన్ను బిగింపు. ఏండ్లు గడచిన కొలది ఎముకలు బరువెక్కి, వెన్నెముక వంగనేరక వెదురుగడవలె బిగిసిపోవును. మెడ త్రిప్పవలెనన్న మనిషి యంతయు తిరుగవలెను. తుదకు పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కగా కాళ్లు చచ్చుబడును. చూచువారికి ఇది వాతమనియు, ముసలితనమనియు తోచును. త్రాగిన నీరు మాత్రము అద్దమువలె తేటయైనది.

1955 లో సిద్దికీ అను వైద్యుడు, అప్పటి హైదరాబాదు రాష్ట్రములోని నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో వ్రాసెను. అదే యేట డిసెంబరు 10 వ తేదీన నల్లగొండ జిల్లా అంచున కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఒక ప్రక్క మహానది, ఒక ప్రక్క బావినీటివలన వంగిన నడుములు. ఈ విపరీతమునకు కారణము నేలలోనే కలదు. అక్కడి నల్లరాతి, గ్రానైటు శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజములు కలవు. వాననీరు నేలలోనికి ఇంకి ఆ రాళ్ల పగుళ్లలో చిరకాలము నిలిచినపుడు ఫ్లోరైడు అందు కరగును. నీటిలో సున్నపుపాలు ఎక్కువగా నున్నచో అది ఫ్లోరైడును పట్టి కొంతవరకు అణచును; సున్నపుపాలు తగ్గి చవుడుపాలు హెచ్చినచో ఫ్లోరైడునకు అడ్డు లేదు. అందుచేత నాలుకకు మెత్తగా, కంటికి తేటగా నుండు బావినీరే ఒక్కొక్కప్పుడు చెడ్డనీరగును. వానలు తప్పి, చెరువులు పూడి, జనులు బోరుబావులను లోతుగా త్రవ్వుకొన్న కొలది, రాతితో ఎక్కువకాలము సహవాసము చేసిన నీరే వారి కడవలకు వచ్చెను.

కరగిన దానిని తీయుట యెట్లు? రసాయనశాస్త్రము చెప్పు ఉపాయములలో రెండు ముఖ్యములు. కరగిన దానిని కరగని దానిగా మార్చవలెను. లేదా కరగని మరియొక వస్తువునకు అది అంటుకొనునట్లు చేయవలెను. మొదటి ఉపాయమునకు చక్కని యుదాహరణము 1841 నాటిది. స్కాట్లండులోని అబర్డీన్ నగరమున రసాయనశాస్త్రము బోధించిన థామస్ క్లార్క్, సున్నము కరగిన గట్టినీటికి మరికొంత సున్నము కలిపి, ఆ రెండు సున్నములును అడుగంటునట్లు చేసెను. ముల్లును ముల్లుతో తీయుట యన నిదియే. రెండవ ఉపాయము మన పాత పటికదే. 1934 లో అమెరికాలో బోరఫ్ అను రసాయనజ్ఞుడు, పటిక విరిగి తరకలైనపుడు ఆ తరకలు నీటిలోని ఫ్లోరైడును కూడ పట్టుకొనిపోవునని ప్రయోగములతో చూపెను. అల్యూమినియమునకును ఫ్లోరిన్‌నకును గల మైత్రి అట్టిది. బురదను తేర్చిన చేయియే కానరాని దానిని కూడ తీయగలదని తెలిసినది. కాని బురదకు లీటరునకు పదుల మిల్లీగ్రాముల పటిక చాలగా, ఫ్లోరైడునకు వందల మిల్లీగ్రాములు కావలసివచ్చెను.

ఈ జ్ఞానమును పల్లెటూరి బిందెవరకు తెచ్చినవారు నాగపూరు శాస్త్రజ్ఞులు. 1958 లో అక్కడ కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనాలయము స్థాపింపబడినది. 1974 లో దానికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనాలయమని పేరు మారినది. నీరీ యని ముద్దుపేరు. అందలి నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అను పరిశోధకులు 1975 లో ప్రకటించిన పద్ధతియే నల్లగొండ పద్ధతి. దీనికి కావలసినవి అంగడిలో దొరకు మూడే వస్తువులు: పటిక, సున్నము, బ్లీచింగు పొడి. ఇంటిలో చేయదలచినవారు అడుగునకు కొంచెము పైగా కుళాయి అమర్చిన తొట్టిలో నీరు పోయుదురు. ముందు సున్నము కలుపుదురు. ఇది పటికలో ఇంచుమించు ఇరువదవ వంతు. పిమ్మట పటికద్రావకము పోసి పదినిమిషములు మెల్లగా కలియద్రిప్పుదురు. తరకలు పెరిగి అడుగు చేరుటకు గంటసేపు వదలుదురు. పైతేటను కుళాయిగుండా తీసికొందురు. బ్లీచింగు పొడి క్రిములను చంపును. సున్నము, పటికవలన కలుగు పులుపును విరిచి, తరకలు చక్కగా ఏర్పడుటకు తోడ్పడును. కరెంటు అక్కరలేదు, విదేశపు యంత్రము అక్కరలేదు.

ఊరందరికి ఒకేమారు నీరు శుద్ధిచేయు పెద్ద తొట్లును వెలసినవి. వానిలో రాయలసీమలోని కదిరి పట్టణపు కేంద్రము ప్రసిద్ధమైనది. పద్ధతి సముద్రమును దాటినది. అగ్నిపర్వతముల నేలయగుటచే ఫ్లోరైడు మెండుగా గల టాంజానియా దేశపు అరూషా ప్రాంతమున, 1990 ల నాటికి ఇరువది లీటర్ల బకెట్లతో పరిశోధకులు ఈ పద్ధతినే పల్లె ఇండ్లకు తగినట్లు మలచిరి. ఆఫ్రికా ఖండములో నల్లగొండను ఎన్నడును చూడని వారి నోట నల్లగొండ పేరు పలికినది. ఇది మనకు గర్వకారణమే. అయితే ఆ పేరు వచ్చుటకు కారణము ఆ జిల్లా జనుల బాధ యని మరువరాదు.

ఇక, పేరు వచ్చినంత మాత్రమున నీరు తేరెనా? తొట్టి నడచినచోట తేరినది. నడచుట ఆగినచోట ఆగినది. ఈ పద్ధతికి ప్రతిదినము ఒక చేయి కావలెను. బావికి బావికి ఫ్లోరైడు వేరు, క్షారము వేరు. దానినిబట్టి పటిక కొలత మారును. తక్కువైనచో ఫ్లోరైడు మిగులును. ఎక్కువైనచో నీరు పులిసి, అల్యూమినియమే నీటిలో కరగి మిగిలిపోవును. కలియద్రిప్పుట తొందరగా జరిగినచో తరకలు చితికిపోవును. తేటను వెంటనే వేరుచేయక మడ్డితో అట్లే ఉంచినచో, పట్టుబడిన ఫ్లోరైడు కొంత మరల నీటిలోనికి జారుకొనును. ఇంతటి శ్రద్ధను, ఉదయము పొలమునకు పోవలసిన ఇల్లాలు పటిక తూచి, గంట వేచి, తొట్టి కడిగి, ప్రతిదినము ఏండ్లతరబడి చూపవలెను. ఆ శ్రమకు ఫలము నేడు కంటికి కనబడదు. ఇరువది యేండ్ల తరువాత వంగని వెన్నులో కనబడును. శాస్త్రము తొట్టిలో నెగ్గినది. బ్రతుకులో దానిని నెగ్గించుట కష్టమైనది. దోషము ఆ ఇల్లాలిది కాదు. కొలతను, పరీక్షను, పటికను ఆమె వాకిటికి ఎడతెగక చేర్చు ఏర్పాటు వెనుక నిలువనిచో, ఎంతటి పద్ధతియైనను పేరుగానే మిగులును.

మరియొక చిక్కు కలదు. నీటినుండి వేరుపడినది లోకమునుండి వేరుపడదు. తొట్టి అడుగున మిగిలిన మడ్డిలో ఆ నాటి ఫ్లోరైడంతయు కలదు. దానిని బావిగట్టున పారబోసినచో అది నేలకు తిరిగి చేరినట్లే. తరువాత వచ్చిన పద్ధతులకును ఈ నియమమునుండి విముక్తి లేదు. చురుకుచేసిన అల్యూమినా గుళికలగుండా నీటిని పోనిచ్చినచో అవి ఫ్లోరైడును పట్టును. నిండిన తరువాత వానిని క్షారముతోను ఆమ్లముతోను కడుగవలెను, ఆ కడుగునీరు మిగులును. కాల్చిన ఎముకల బొగ్గు నిండిన తరువాత దానిని మార్చవలెను. నేడు వీధివీధిని కనబడు ఆర్. ఓ. యంత్రము పలుచని పొరగుండా నీటిని నెట్టి లవణములను ఆపును. ఆపిన లవణములన్నియు చిక్కనినీటిలో చేరి కాలువలోనికి పోవును. వేరుచేయుట అనగా నశింపజేయుట కాదు. ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుట. ఎక్కడికి మార్చితిమో చెప్పగలిగినపుడే శుద్ధి పూర్తియైనట్లు.

ఇప్పుడు ఓక్లీ కథను మరల తలచుకొందము. అక్కడివారు నీటిని శుద్ధిచేయలేదు, నీటినే మార్చుకొనిరి. నల్లగొండకును తుదకు ఆ మార్గమే ముఖ్యమైనది. ఫ్లోరైడు సోకని నదీజలములను గొట్టములద్వారా పల్లెలకు తెచ్చు ప్రయత్నములు జరిగినవి. 2016 లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము తెలంగాణమున కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి ఇంటింటికి అందించుటకు ఏర్పడినది. ఆ నదీజలమును తేర్చుటకు జలాగారములలో వాడునది మరల పటికయే. బురదను తేర్చు తన పాత పనికే పటిక తిరిగివచ్చినది.

అయితే ఓక్లీలో క్రొత్తగా మొలచిన పండ్లే తెల్లగా వచ్చినవి గాని, అంతకుముందు మరకపడిన పండ్లు మారలేదు. ఎముక విషయమును అట్టిదే. ఒకమారు వంగి బిగిసిన వెన్నును నిటారు చేయు మందు వైద్యమునకు లేదు. మంచినీరు రేపటి బిడ్డను కాపాడును. నిన్నటి బిడ్డకు ఆలస్యముగా వచ్చినది. కావున నల్లగొండ నీటి చరిత్రను మనము విజయగాథగా మాత్రమే చెప్పుకొనరాదు. 1937 లో రోగమేమో తెలిసినది. 1934 నాటికే పటిక గుణము తెలిసినది. ఇల్లు చేరు పద్ధతి 1975 లో వచ్చినది. ఈ ఆలస్యమంతయు మనుష్యుల ఎముకలలో వ్రాయబడినది.

మన దేశమున ఇంకను అనేక గృహములు బోరునీటిని నమ్మి యున్నవి. మన దేశపు ప్రమాణమును బట్టి త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు మించకుండుట మేలు. వేరు నీరు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్తురు. ఈ సంఖ్యను కన్ను చెప్పదు, నాలుక చెప్పదు, కాచిన గిన్నె చెప్పదు, పరీక్షయే చెప్పవలెను. క్రొత్త బోరు పడినపుడు నీరు ఎంత పడినదని అడుగుట మనకు అలవాటు. తేటగా నున్నదా యని రెండవ ప్రశ్న. అందులో ఏమి కరగి యున్నదని మూడవ ప్రశ్న అడుగుట కూడ నేర్చుకొందము. బిడ్డకు పాలపండ్లు ఊడి కొత్తపండ్లు రాకమునుపే అడుగవలసిన ప్రశ్న యిది.